లెక్క చూపని క్యాలిక్యులేటర్‌ను నమ్మొద్దు

(ధరణికోట రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని మనం నోటితోనే చెప్పేస్తాం. అదే లెక్క ఫోన్‌లో కనిపిస్తే మాత్రం తలూపేస్తాం. నేనూ ఊపాను.

బైకు కోసం లక్ష అప్పు చేశాను. ఫైనాన్సు కుర్రాడు ఫోన్‌లో అంకెలు కొట్టి, "పన్నెండు శాతమే బాబాయ్, నెలకు 9,333 చొప్పున పన్నెండు కిస్తీలు" అన్నాడు. ఏడాదికి 12,000 వడ్డీ, సరిపోయిందనుకున్నాను. ఇంటికొస్తే మా అమ్మాయి అడిగింది: "నెలనెలా అసలు తీరుతోంది కదా నాన్నా, తీరిన అసలుకు కూడా వడ్డీ ఎందుకు?" తగ్గే అసలు మీద 12 శాతం వేస్తే కిస్తీ 8,885, మొత్తం వడ్డీ 6,620. నేను కట్టింది నిజానికి 21 శాతం పైమాటే. ఏ పద్ధతిలో లెక్కేసిందో ఆ ఫోన్ చెప్పలేదు, నేను అడగలేదు.

2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త వ్యక్తిగత అప్పులకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ఒక కాగితం మీద, మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ కాగితం అడిగి తీసుకోండి.

ఇక పంటల బీమా. ఫసల్ బీమా వెబ్‌సైటులో ప్రీమియం క్యాలిక్యులేటర్ ఉంది. బీమా మొత్తం, రైతు వాటా, ప్రభుత్వ వాటా విడివిడిగా చూపిస్తుంది. అది మంచిదే. ధాన్యం, నూనెగింజలకు రైతు వాటా ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో ఒకటిన్నర శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం మించదు. కనుక మనమూ సరిచూసుకోవచ్చు. కానీ విస్తీర్ణం హెక్టార్లలో అడుగుతుంది. రెండెకరాలకు 2 అని కొడితే దాదాపు ఐదెకరాల లెక్క వస్తుంది.

పరిహారం లెక్క మనమే వేసుకోవాలి. దిగుబడి బీమాలో హామీ దిగుబడి 20 బస్తాలై, సగటున 15 వస్తే, బీమా మొత్తంలో నాలుగో వంతు రావాలి. ఆ సగటు మీ ఒక్క చేనుది కాదు, మీ బీమా యూనిట్ మొత్తానిది. అందుకే పంట కోత ప్రయోగాలు జరిగేటప్పుడు మనం అక్కడ ఉండాలి.

మన సంఘం అడగాల్సింది ఇదే: క్యాలిక్యులేటర్ తెలుగులో ఉండాలి, ఎకరాల్లో ఉండాలి, లెక్క వేసిన తీరు కింద రాసి ఉండాలి. అంతవరకు, పిల్లల చేత కాగితం మీద ఒకసారి వేయించి చూసుకున్నాకే సంతకం పెట్టండి.