ఫ్రీ వెబ్‌సైట్‌కు పైసలు ఎక్కడి నుంచి వస్తాయి? పత్తి తేమ నుంచి గల్ఫ్ వీసా దాకా

"అన్నా, సమాచారం అంతా ఫ్రీగా ఇచ్చేస్తే మరి పైసలు ఎట్లా వస్తాయి?" మీలో చాలామంది అడుగుతున్నది ఇదే. ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదనే. నెలకు లక్ష సంపాదించే సీక్రెట్ కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు, నేనేం అనుకోను. నేను ఉండేది జమ్మికుంట దగ్గర. పత్తి అమ్ముకునే రైతులకు పనికొచ్చే చిన్న తెలుగు సైట్ ఒకటి నడుపుతున్నాను. దాంతో ఇల్లు గడవదు. కానీ పత్తి సీజన్‌లో బైక్ కిస్తీ, ఇంటర్నెట్ బిల్లు, ఇంకొంచెం కూడా వస్తుంది.

మన దగ్గర ఫ్రీ కంటెంట్‌తో ఎదిగినవాళ్లు లేరా అంటే, ఎందుకు లేరు? జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ మొదలుపెట్టిన మై విలేజ్ షో అందరికీ తెలిసిందే. పొలం పనులకు పోయే గంగవ్వ ఆ వీడియోలతోనే ఇంటింటి మనిషి అయింది, 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. అయితే జర ఆలోచించండి. అది నవ్వు, మనుషులు, మన యాస. చూసినవాళ్లు మళ్లీ చూస్తారు, ఇంకొకరికి పంపుతారు. సమాచారం ఇచ్చే వెబ్‌సైట్ కథ వేరు. మనిషి ఒక ప్రశ్నతో వస్తాడు, జవాబు తీసుకుంటాడు, పోతాడు. మొత్తం అర నిమిషం. మన ఆదాయం ఆ అర నిమిషంలోనే రావాలి.

అందరికీ తెలిసిన దారి గూగుల్ యాడ్‌సెన్స్. 2003లో వచ్చింది, తెలుగు పేజీలకు సపోర్ట్ మాత్రం 2018లో ఇచ్చారు. అంతకుముందు తెలుగులో ఎంత మంచిగా రాసినా అధికారికంగా యాడ్స్ పెట్టుకునే వీలు లేదు. ఇప్పుడు యాడ్ కనపడిన లెక్కన డబ్బులు ఇస్తున్నారు. గూగుల్ యాడ్స్ ద్వారా వచ్చే ప్రకటన అయితే, ప్రకటన ఇచ్చినవాళ్లు పెట్టిన వంద రూపాయల్లో సైట్ ఓనర్‌కు దాదాపు 68 వస్తాయి.

వినడానికి బాగుంటుంది కదా? లెక్క చూద్దాం. వెయ్యి పేజీ వ్యూలకు 50 రూపాయలు వచ్చినయ్ అనుకుందాం. లెక్క కోసం అనుకుంటున్నాం, అంతే వస్తుందని కాదు. నెలకు 15 వేలు రావాలంటే 3 లక్షల వ్యూలు కావాలి. అంటే రోజుకు 10 వేలు. ఇంగ్లిష్‌లో అమెరికా వాళ్ల కోసం రాసే సైట్ లెక్కను చూసి తెలుగు సైట్‌కు అంచనా వేసుకుంటే దెబ్బతింటారు. మన పేజీ మీద యాడ్ కోసం పోటీ పడే కంపెనీలు తక్కువ, రేటు కూడా తక్కువే.

ఇంకో రెండు పనికొచ్చే సంగతులు. అకౌంట్‌లో 10 డాలర్లు కాగానే గూగుల్ వాళ్లు పోస్టులో ఒక పిన్ పంపుతారు. ఊర్లో ఉండేవాళ్లు అడ్రస్‌లో ఇంటి నంబర్‌తో పాటు మండలం, పిన్‌కోడ్ సరిగ్గా రాయండి, పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి పెట్టండి. 100 డాలర్లు దాటితేనే బ్యాంకులో పడతాయి. అది మొదటిసారి దాటడానికే నెలలు పట్టొచ్చు. ఇక దోస్తుల గ్రూపులో లింక్ వేసి "అరే, యాడ్ మీద ఒక్కసారి క్లిక్ చేయండ్రా" అనే పని మాత్రం వద్దు. అకౌంట్ పోతుంది, అందులో ఉన్న పైసలు కూడా పోతాయి.

సరే, ఏం రాయాలి? నా జవాబు ఒక్కటే. వికీపీడియా ఇవ్వలేనిది రాయండి. కుంటాల జలపాతం సంగతే తీసుకోండి. కడెం నది మీద ఉంది, నేరడిగొండ మండలం, ఎత్తు 147 అడుగులు. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. కానీ హైదరాబాద్ నుంచి పిల్లలతో బయలుదేరే మనిషికి కావాల్సింది అది కాదు. ఈ వారం నీళ్లు ఉన్నాయా? మెట్లు దిగితే మా నాయనమ్మ మళ్లీ ఎక్కగలదా? వాన పడ్డ తెల్లారి పోవచ్చా? ఎండాకాలంలో పోతే బండలే కనపడతాయి. వానాకాలంలో ఆ నీళ్లలోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇది ఆదిలాబాద్‌లో ఉండి, వారం వారం పోయి చూసేవాళ్లు మాత్రమే రాయగలరు. మీలో ఎవరో ఒకరు రాయొచ్చు.

నా సైట్‌లో ఎక్కువమంది చూసే పేజీ పత్తి తేమది. 2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపల ఉంటేనే సీసీఐ ఆ పూర్తి ధర ఇస్తుంది. ఆ పైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే దాదాపు 81 రూపాయలు కోత. 12 శాతం ఉంటే 324 రూపాయల చిల్లర పోయి 7,785 దగ్గర ఆగుతుంది. 12 దాటితే అసలు కొనరు. ఈ నాలుగు లైన్లు, ఒక చిన్న పట్టిక, కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ ఎట్లా బుక్ చేయాలో ఫొటోలు. గంతే ఆ పేజీ. కానీ ఆదిలాబాద్ మార్కెట్‌కు పత్తి బండి కట్టేముందు రైతు ఆ పేజీ చూస్తాడు. నేను పోయిన ఏడాది ధర తీసేయకుండా వదిలేస్తే ఆయన ట్రాలీ కిరాయి, హమాలీ ఖర్చు, ఒక దినం అన్నీ ఆగమైతాయి. అందుకే పేజీ పైనే "ఈ తేదీన సరిచూశాను" అని రాస్తాను. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా చూసేవాళ్లు బాగుంటారు. మే నెలలో నా సైట్ ఖాళీ బస్టాండే.

జాబ్ నోటిఫికేషన్ సైట్ పెడదామని చాలామందికి ఉంటుంది. వ్యూలు వస్తాయి, నిజమే. కానీ ఒకరిది ఒకరు కాపీ కొట్టేవాళ్లే ఎక్కువ. 2024 మార్చిలో గూగుల్ ఇట్లా కుప్పలుగా తయారుచేసే పేజీల మీద రూల్ గట్టిగా చేసింది. అదే ఏడాది మన దేశంలో సెర్చ్ పైనే ఏఐ జవాబు రావడం మొదలైంది. ఎక్కడైనా దొరికే సంగతి అయితే ఇక మన సైట్ దాకా ఎవరు వస్తారు?

ఇప్పుడు అసలు సంగతి. లోకల్ యాడ్స్. షాపువాళ్లతో నేరుగా మాట్లాడుకుని నెలకు ఇంత అని తీసుకోవడం. యాడ్‌సెన్స్ నెలంతా ఇచ్చేది ఒక్క విత్తనాల షాపు ఇవ్వొచ్చు. జగిత్యాల వైపు నుంచి ఒక తమ్ముడు నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. గల్ఫ్ ఉద్యోగాల మీద సైట్ నడుపుతున్నాడట. ఒకాయన ఫోన్ చేసి, "పేజీలో మా నంబర్ పెట్టు, నెలకు 5 వేలు ఇస్తా" అన్నాడట. పెట్టాలా వద్దా అని అడిగాడు.

తమ్మీ, ముందు ఆయన లైసెన్స్ నంబర్ అడుగు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ పనికి మనుషులను తీసుకోవడం నేరం. ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెంట్ పేరు కొడితే ఆ రిజిస్ట్రేషన్ నడుస్తుందా, అయిపోయిందా, ఆపేశారా అన్నది కనపడుతుంది. లైసెన్స్ ఉన్న ఏజెంట్ కూడా సర్వీస్ చార్జీ కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోవద్దు. "మా పెద్దసారు ముంబైలో ఉంటడు, నేను ఆయన మనిషిని" అంటే అక్కడే ఫోన్ పెట్టేయ్. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ వైపు అప్పు చేసి వీసా కొనుక్కుని, అక్కడికి పోయాక పని లేక వాపస్ వచ్చినవాళ్లు మన ఇండ్లల్లోనే ఉన్నారు. నీ పేజీ ఫ్రీ. అందుకే దాన్ని నమ్ముతున్నారు. ఆయన 5 వేలకు కొనుక్కునేది స్క్రీన్ మీద జాగా కాదు, ఆ నమ్మకం.

మా పత్తి సైట్‌కు కూడా ఇట్లాంటి ఫోన్ ఒకటి వచ్చింది. "సీసీఐ లైన్లు పొడుగున్నయ్, బయట అమ్ముకోండి అని రాయి చాలు" అన్నాడు ఒక వ్యాపారి. వద్దన్నాను. ఆ నెల యాడ్‌సెన్స్‌లో వచ్చిందాని కంటే ఆయన ఇస్తానన్నది ఎక్కువ, అది కూడా చెప్తున్నాను.

మరి ఎవరి యాడ్ తీసుకోవాలి? నేను తీసుకునేది టార్పాలిన్ షాపు, ట్రాక్టర్ మెకానిక్, డ్రిప్ పైపుల డీలర్. ధర ఎంత, ఎక్కడ అమ్మాలి అనే సంగతితో లాభం ఉన్నవాళ్లది తీసుకోను. యాడ్ పైన "ప్రకటన" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. గల్ఫ్ సైట్ తమ్ముడికైతే సూట్‌కేసుల షాపు ఉంది, డ్రైవింగ్ స్కూల్ ఉంది, అరబీ మాటలు నేర్పేవాళ్లు ఉన్నారు. వీళ్లు 5 వేలు ఇవ్వరు. వెయ్యో, పదిహేను వందలో ఇస్తారు. ముగ్గురిని అడుగు.

వచ్చే ఎపిసోడ్‌లో బ్లాగర్‌లో ఖర్చు లేకుండా సైట్ పెట్టడం, డాట్ ఇన్ డొమైన్ కలపడం ఫోన్‌లోనే చేసి చూపిస్తాను. ఆలోపు మీ ఊర్లో జనం మిమ్మల్ని మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటి కాగితం మీద రాసి పెట్టుకోండి, దాంతోనే మొదలుపెడదాం.