పేరుకు చోటు పెట్టాకే పేజీ
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఈ-సంచికలో ఈసారి ఎనిమిది పేజీల హిప్‌హాప్ భాగం ఉంది. ఆ పేజీలు గీసి, కూర్చింది మేం నలుగురం. అవి ఎలా తయారయ్యాయో చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. పని మొదలుపెట్టిన రోజే ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. "మన సంఘం పుస్తకంలో అమెరికా పాటకు ఏం పని?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. మన పిల్లల ఫోన్లలో ర్యాప్ ఉంది, ఒకరిద్దరు గోండిలో రాసి పాడుతున్నారు కూడా, అందుకని వేస్తున్నాం అన్నాం. పని అయిపోయేసరికి ఇంకో జవాబు దొరికింది. దాని కోసమే ఈ నాలుగు మాటలు.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయినసారి సంచిక పేజీలు కూర్చింది కూడా మేమే. అందులో డెమ్సా ఆడుతున్న ఒక అవ్వ ఫోటో వేశాం. కింద "సంప్రదాయ నృత్యంలో గిరిజన మహిళ" అని రాశాం. పక్కన ప్రకటన పట్టలేదని ఫోటోను ఒకవైపు కత్తిరించాం, ఆమె చెయ్యి సగం పోయింది. అదే సంచికలో శుభాకాంక్షలు పంపిన ప్రతి పెద్దమనిషికీ పేరు, హోదా, నిండు ఫోటో ఉన్నాయి. మనవరాలు ఫోన్‌లో చూపిస్తే అవ్వ తన ఫోటో చూసుకుంది. "నా పేరు ఏది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆమె పేరు మాకు తెలియక కాదు. ఫోటోకు చోటు చూశాం, పేరుకు చూడలేదు, అంతే. ఆ పేరు ఇప్పుడు కూడా ఇక్కడ చెప్పడం లేదు. మా తప్పు చెప్పుకోవడానికి ఆమె పేరు వాడుకోవడం బాగుండదు. ఈసారి సంచికలో ఆమె పేజీ మీద ఆ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

ఇక హిప్‌హాప్ సంగతి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే చిరునామాలో, 1973 ఆగస్టు 11న ఒక పార్టీ జరిగింది. దాన్నే హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. జమైకా నుంచి వచ్చిన కుటుంబంలోని అన్న పాటలు వేశాడు. ఆయనే డీజే కూల్ హెర్క్. బడి తెరిచేలోపు బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని ఆ పార్టీ పెట్టింది చెల్లెలు సిండీ కాంప్‌బెల్. చిన్న అట్టముక్కల మీద చేత్తో రాసి ఆహ్వానాలు పంచారు. ఎవరు పాటలు వేస్తారు, ఎక్కడ, ఎప్పుడు, ప్రవేశానికి ఎంత అన్నవే అందులో ఉన్న విషయాలు. హిప్‌హాప్‌కు మొదటి పేజీ అదే అనుకోవచ్చు.

ఆ తర్వాత ఆరేళ్ల దాకా ఈ పాట పెద్దగా రికార్డులకు ఎక్కలేదు. "రాపర్స్ డిలైట్" రికార్డు దేశమంతా వినబడింది 1979లో. ఈ మధ్యకాలంలో పాట బతికింది పార్టీల్లో, క్యాసెట్లలో, కరపత్రాల మీద. బడ్డీ ఎస్క్వైర్ అనే బ్రాంక్స్ కుర్రాడు ఆ కరపత్రాలు గీసేవాడు. గ్రంథాలయం పుస్తకాలు చూసి అక్షరాలు గీయడం నేర్చుకున్నాడు. రుద్దితే కాగితం మీదికి దిగే అక్షరాల షీట్లు వాడాడు, ఫోటోలు కత్తిరించి అంటించాడు, అంచుల్లో గీతలు చేత్తో వేశాడు. ఆ తర్వాత జిరాక్సు తీసి పంచేవారు. ఆయన్ను "కరపత్రాల రాజు" అన్నారు. ఫేజ్ 2 అనే గ్రాఫిటీ కళాకారుడు కూడా అలాంటి కరపత్రాలు గీశాడు.

ఆ కరపత్రాలు చూస్తే మాకు ఒక సంగతి తెలిసింది. వాటిలో బొమ్మల కంటే పేర్లే ఎక్కువ. డీజేల పేర్లు, పాడేవాళ్ల పేర్లు, ఒక్కో పేరుకు ఒక్కో గడి. పార్టీ అయిపోయాక పారేసే కాగితమే అది. కానీ ఏ రాత్రి ఎవరు పాడారో తేల్చుకోవడానికి ఈరోజు పరిశోధకులకు అదే ఆధారం. కార్నెల్ విశ్వవిద్యాలయం వాటిని సేకరించి దాచిపెట్టింది. ఆ రోజు ఆ గడిలో పేరు రాయకపోయి ఉంటే, వాళ్లు కూడా "పార్టీలో పాడుతున్న యువకుడు" అయిపోయేవారు.

తర్వాత పత్రికలు వచ్చాయి. 1988లో హార్వర్డ్‌లో చదువుతున్న డేవిడ్ మేస్, జాన్ షెక్టర్ అనే ఇద్దరు విద్యార్థులు "ది సోర్స్"ను ఒక చిన్న కరపత్రంలాగా మొదలుపెట్టారు. అదే తర్వాత రంగుల పత్రిక అయింది. మేం దాని పేజీల నుంచి రెండు శీర్షికలు తీసుకున్నాం. ఒకటి "అన్‌సైన్డ్ హైప్". ఏ కంపెనీతోనూ ఒప్పందం లేని కొత్త గొంతుకు అందులో చోటు. 1991లో డీఎంఎక్స్, 1992లో నొటోరియస్ బి.ఐ.జి. ఆ శీర్షికలోనే కనబడ్డారు. అప్పటికి వాళ్లను ఎరిగినవాళ్లు తక్కువ. రెండోది "హిప్‌హాప్ కోటబుల్". ఎవరో ఒకరి చరణాన్ని ఎంచుకొని, మాట మాటా అచ్చువేసే పేజీ. పాటను చెవితోనే కాదు, కంటితో కూడా చదవొచ్చని ఆ పేజీ చెబుతుంది.

ఇప్పుడు మా పని. ముందుగా ఒక తెల్లకాగితాన్ని మూడుసార్లు మడిచాం. విప్పితే ఎనిమిది గళ్లు వచ్చాయి. ఒక్కో గడి ఒక్కో పేజీ. కంప్యూటర్ తెరవకముందే, ఏ పేజీలో ఏం వస్తుందో పెన్సిల్‌తో గీసుకున్నాం. ముఖచిత్రం, హిప్‌హాప్ పుట్టుక, పెద్దాయన పాట, కుర్రాడి ర్యాప్, వాద్యాలు, అవ్వ పేజీ, "కొత్త గొంతు", చివర అందరి ఫోటో.

మొదటి నమూనా చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. పేజీలన్నీ నల్లరంగు. గోడమీద రంగు చిమ్మినట్టు వంకరటింకర అక్షరాలు. ఒక మూల బంగారు గొలుసు బొమ్మ. మేం ప్రశ్న అడిగిన ఆ పెద్దాయనకే చూపించాం. ఆయన కళ్లజోడు సర్దుకొని, "ఈ గొలుసు ఎవరిది?" అన్నారు. ఎవరిదీ కాదు, ఇంటర్నెట్‌లో దొరికింది. తీసేశాం. దాని బదులు వెనుక గుస్సాడీ టోపీ బొమ్మ పెడదామన్నాడు మాలో ఒకడు. దానికీ ఆయన ఒప్పుకోలేదు. నెమలి ఈకల టోపీ దండారీ రోజుల్లో పూజ చేసి తల మీద పెట్టుకునేది, అక్షరాల కింద పరిచేది కాదన్నారు. చివరికి తెల్ల పేజీ, నల్ల అక్షరం, శీర్షికకు ఒక్క ఎర్రరంగు మిగిలాయి. చదవడానికి అదే హాయిగా ఉంది.

రెండో చిక్కు పాట దగ్గర వచ్చింది. ర్యాప్‌లో సాధారణంగా నాలుగు దెబ్బలకు ఒక దరువు, పదహారు దరువులకు ఒక చరణం. దరువు చివర ప్రాస పడుతుంది. మేం అలవాటు కొద్దీ ఏ4 పేజీని రెండు కాలమ్‌లు చేశాం. కాలమ్ ఇరుకై ప్రతి పంక్తీ రెండుగా విరిగింది. ప్రాస పంక్తి చివర నుంచి నడుమకు పోయింది. రాసిన తమ్ముడు తన పాటను తానే ఆ పేజీలో చూసి చదువుతూ తడబడ్డాడు. "దాదా, ఇక్కడ ఊపిరి తెగిపోతోంది" అన్నాడు. ఆ మాటతో పద్ధతి మార్చాం. పాటలో అన్నిటికంటే పొడవైన పంక్తి ఏదో చూసి, అది విరగకుండా పట్టేంత వెడల్పు ముందు తీసుకున్నాం. మిగతావన్నీ దాని ప్రకారం సర్దాం. గుంపు అందుకునే పంక్తులను కొంచెం లోపలికి జరిపాం.

ఈ సంచికను చాలామంది ఫోన్‌లోనే చదువుతారు. ఏ4 పేజీ ఫోన్‌లో చదవాలంటే వేళ్లతో పెద్దది చేసి అటూ ఇటూ జరపాలి. అందుకని పేజీని ఏ5కు, అంటే 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గించి ఒకటే కాలమ్ చేశాం. అక్షరం 12 పాయింట్లు, పంక్తుల మధ్య 18 పాయింట్లు పెట్టాం. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు పెట్టినంత ఎడం పెడితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది.

గోండి మాటలను తెలుగు లిపిలో వేసి, కింద చిన్న అక్షరాల్లో అర్థం ఇచ్చాం. పాట పేరును మాత్రం గుంజాల గోండి లిపిలో కూడా పెట్టాం. మన ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల ఊరి రాతప్రతుల్లో బయటపడిన ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. అంటే దాన్ని బొమ్మగా అతికించాల్సిన పని లేదు, అక్షరాలుగానే టైపు చేయొచ్చు. అయితే చదివేవారి ఫోన్‌లో ఆ ఫాంట్ లేకపోతే ఖాళీ డబ్బాలు కనబడతాయి. అందుకే పీడీఎఫ్‌లోనే ఫాంట్‌ను కలిపి పెట్టాం.

అన్నిటికంటే పెద్ద చర్చ మూడో, నాలుగో పేజీల మీద జరిగింది. తమ్ముడి ర్యాప్‌లో పల్లవి బాణీ అతనిది కాదు. ఊళ్లో ఒక తోటి తాత పాడే కథలోది. మన గోత్రాల కథలు తరతరాలుగా నోట పట్టుకొని మోసినవారు తోటీలు, పర్ధాన్లు. హిప్‌హాప్‌లో కూడా పాత పాట ముక్క తీసుకొని కొత్త పాట కట్టడం మామూలే. కానీ అనుమతి లేకుండా గిల్బర్ట్ ఓసల్లివాన్ పాట ముక్కను వాడుకున్నందుకు 1991లో బిజ్ మార్కీ పాట మీద న్యూయార్క్ కోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కంపెనీలు ముందే అనుమతి తీసుకోవడం మీద శ్రద్ధ పెట్టాయి. అక్కడ కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ మనం తాత ఇంటికి వెళ్లి అడిగితే చాలు.

తమ్ముడిని వెంటబెట్టుకొని వెళ్లాం. తాత పాట మొత్తం విన్నాడు. "బాగానే పాడినవ్ బిడ్డా, ఎవరి దగ్గర నేర్చినవో చెప్పు" అన్నాడు. ఆయన కథలో రెండు చోట్లు దేవుడి ముందు పాడేవి, అవి కాగితం మీద వద్దన్నాడు. వాటిని వదిలేశాం. మూడో పేజీలో తాత పాట, నాలుగో పేజీలో ర్యాప్ వచ్చాయి. అచ్చు పుస్తకంలోనైతే రెండూ ఎదురెదురుగా పెట్టొచ్చు. ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటే వస్తాయి. కనుక ఎవరు ముందు అన్నది తేల్చుకోక తప్పలేదు. తాత ముందు వచ్చాడు. అక్షరం సైజు మాత్రం ఇద్దరికీ ఒకటే. తమ్ముడి పేజీలో శీర్షిక కిందే "ఈ బాణీ ఎవరిది" అన్న పంక్తి ఉంది.

చివరి పేజీకి దారి చూపింది ఒక పాత ఫోటో. 1998 సెప్టెంబరు 29న ఎక్స్‌ఎక్స్‌ఎల్ పత్రిక కోసం గోర్డన్ పార్క్స్ హార్లెంలో 170 మందికి పైగా హిప్‌హాప్ కళాకారులను ఒకచోట నిలబెట్టి ఫోటో తీశారు. 1958లో ఆర్ట్ కేన్ జాజ్ కళాకారులను నిలబెట్టి ఫోటో తీసింది కూడా ఆ మెట్ల ముందే. మేమూ మన డోలు, పెప్రె, తుడుం, కిక్రి వాయించేవారిని, ఆడేవారిని, ర్యాప్ పిల్లలను ఒకే వరసలో నిలబెట్టాం. ఫోటో పక్కన మనుషుల ఆకారాలు మాత్రం గీతలుగా గీసి అంకెలు వేశాం. కింద ఆ అంకెల ప్రకారం పేర్లు, ఊళ్లు. పేర్లకు పేజీలో సగం పట్టింది. ఫోటో చిన్నదైపోయిందని ఒకరన్నారు. నిజమే, చిన్నదైంది. పేర్లు తగ్గించలేదు.

మేం నేర్చుకున్నది ఇంతే. పేజీ గీసేటప్పుడు మొదటి గీత పేరుకు గీయాలి. తర్వాత ఫోటో, తర్వాత మాట, మిగిలితే అలంకారం. పేరు చివర చూద్దాం అనుకుంటే దానికి చోటు మిగలదు, ప్రకటన వచ్చి కూర్చుంటుంది. "అమెరికా పాటకు ఏం పని" అన్న పెద్దాయనకు మా జవాబు కూడా ఇదే. ఎవరూ పట్టించుకోని పేటలో పిల్లలు జిరాక్సు కాగితం మీద తమ పేర్లు తామే రాసుకున్నారు. మనం కూడా మన పేర్లు మనమే రాసుకోవాలి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాం. పోయినసారి సంచికను పాత ఫాంట్లలో కూర్చాం. అందులో ఏ పేరు వెతికినా దొరకదు. ఈసారి అంతా యూనికోడ్‌లో కూర్చి, పీడీఎఫ్‌లో పేర్లు వెతికితే దొరుకుతున్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకున్నాం. మొన్న సంచిక నమూనాను అవ్వ ఇంటికి తీసుకుపోయాం. మనవరాలు ఫోన్ తీసుకొని వెతికేచోట అవ్వ పేరు కొట్టింది. ఆరో పేజీ తెరుచుకుంది. అవ్వకు చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేనా?" అని అడిగింది. "అదే అవ్వా" అన్నాం.

జై సేవా.