పుట్టిలో వల యుండవలసిన చోటు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సంఘమువారు నన్ను గ్రంథపఠనము వలని లాభములను గూర్చి ప్రసంగింపుమని కోరిరి. ఆ లాభముల నెరుగనివారు ఈ యెండలో పందిరి క్రిందికి వచ్చి కూర్చుండరు గదా! కావున వారి యనుమతి గైకొని విషయమును మార్చుకొంటిని. ఈ సభలో సగముమంది జలాశయములో వల వేసి బ్రదుకుచున్నవారు. తక్కినవారిలో పెక్కుమంది ఆ వల తెచ్చిన డబ్బుతో చదువుకొని, నావలె చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో అశోక్‌నగరులోనో కాపురములు పెట్టినవారు. లేదా అచ్చటి అద్దె గదులలో నుండి ఉద్యోగ పరీక్షలకు చదువుచు, సెలవులకు ఇంటికి వచ్చి తండ్రి పుట్టిలో తెడ్డు పట్టువారు. ఈ యుభయులకును సంబంధించిన సంగతి యొకటి గలదు. ఒకచోట వల తీసి మరియొకచోటికి పోవునప్పుడు పుట్టిలో ఆ వల యెక్కడ నుండవలెను, తాడెక్కడ నుండవలెను, కత్తి యెక్కడ నుండవలెను అనునది ఆ సంగతి.

విషయము చిన్నదని మీలో కొందరు నవ్వుచున్నారు. నవ్వుడు. 2016 వరకు నేనును నవ్వినవాడనే.

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమును మన పిల్లలందరు నెరుగుదురు. పని ముగిసిన పిమ్మట సాయంకాలము అచ్చటికి పోవుట నాకు అలవాటు. చేపపిల్లల పెంపకమును గూర్చియు, చెరువు నీటి గుణములను గూర్చియు, వల కన్నుల కొలతలను గూర్చియు అచ్చట చదివితిని. పుట్టి సర్దుకొను విధమును గూర్చి మాత్రము నా కంటికి ఒక్క పుటయైనను కనబడలేదు. వ్రాయువారు పుట్టి యెక్కరు. పుట్టి యెక్కువారు వ్రాయరు. అందుచేత ఈ విద్య చేతిలోనే పెరిగి, ఆ చేతితోనే పోవుచున్నది.

ఇక 2016 నాటి సంగతి చెప్పెదను. మృగశిర కార్తె ప్రవేశించు దినమున చేప తినవలెనని మనవారి నమ్మకము. ఆనాడు రామ్‌నగరు చేపల బజారు చూడవలెను. తెల్లవారకముందే చిక్కడపల్లినుండియు, నారాయణగూడనుండియు, అశోక్‌నగరునుండియు జనులు సంచులతో బయలుదేరుదురు. బజారులో కాలు పెట్ట సందుండదు. ధర యెంత చెప్పినను కొనక మానరు. ఆ సంచులు నిండవలెనన్న ముందటి రాత్రి మన జలాశయము మీద ఎవరో ఒకరు నిదుర మానుకొనవలెను. ఏడాదిలో అంతటి బేరము మరల రాదు గనుక ఆ రాత్రి అందరికిని తొందరయే. జూను మొదటి దినములలో నీరు తగ్గి, మునిగియున్న చెట్ల మోళ్ళు పైకి వచ్చియుండును. వానకు ముందటి ఈదురుగాలి చెప్పకుండ వచ్చును. తొందర, మోడు, గాలి మూడును కలియు రాత్రి అది.

ఆ రాత్రి మా అన్నతో ఎప్పుడును తెడ్డు వేయు మా వదినకు జ్వరము. అశోక్‌నగరులో గ్రూపు పరీక్షలకు చదువుచున్న వారి కుమారుడు సెలవునకు వచ్చియుండెను. తల్లికి బదులు వాడు పుట్టి యెక్కెను. మొదటి చోట చేప పడలేదు. కొండ మలుపు దాటి మరియొక చోట వేయుదమనుకొనిరి. "గింత దూరమే గదా" అని తీసిన వలను తీసినట్లే నడుమ కుప్పవేసిరి. గుండ్ల తాడు కొంత అంచుమీదనుండి నీటిలోనికి వ్రేలాడుచుండెను. చీకటిలో ఇద్దరును చూడలేదు.

మలుపు దాటగానే గాలి లేచెను. వ్రేలాడు తాడు నీటిలోని మోటునకు చిక్కెను. పుట్టి గాలికి కొట్టుకొని పోవుచున్నది. వల కొన మోటును పట్టుకొని నిలిచినది. ఇంకేమి, కుప్పలోని వల తనంతట తానే పరుగెత్తసాగెను. దాని మలక యొకటి పిల్లవాని చీలమండకు బిగిసి వానిని అంచుమీదుగా ఈడ్చెను. వాడు రెండు చేతులతో అంచును పట్టుకొని వ్రేలాడెను. పుట్టి ఆ ప్రక్కకు ఒరిగి నీరు త్రాగసాగెను. మా అన్న కత్తికై చేయి చాచెను. కత్తి అంచు వెదురులో, మా వదిన రోజును కూర్చుండు చోట, గుచ్చియుండెను. అది ఆమె పట్టుదల. పదిమారులు తీసి వేరొకచోట పెట్టినను ఆమె మరల అచ్చటనే గుచ్చెడిది. ఆ కత్తితో తాడు తెగెను. పిల్లవాడు దక్కెను. అప్పుచేసి కొన్న వల పోయెను.

సంగతి విని మా వదిన యేడువలేదు. "నేనుంటే వలను కాళ్ళకాడికి రానిస్తునా?" అని మాత్రము అనెను. ఆ పిల్లవాడిప్పుడు ఉపాధ్యాయుడు. ఈ పందిరిలోనే యున్నాడు. పేరు చెప్పను, వానికి సిగ్గు.

నాకు ఆ దినముననే ఒక ప్రశ్న పుట్టెను. మా తాత వల మీదనే కూర్చుండి పోయెడివాడు. నిలువున కాళ్ళక్రింద వల నుండెడిది. ఆయన ముసలితనము వరకు చేపలు పట్టి మంచము మీదనే కన్నుమూసెను. ఆయనకు కాని హాని మనుమని కొడుకునకు ఏల వచ్చెను? మా పెద్దనాయన దీనికి చెప్పిన సమాధానము మరువరానిది. తాతది నూలు వల. చెట్టు బెరడు కషాయములో నానబెట్టి ఎంత కాపాడుకొన్నను నూలు చివుకును. మోటునకు చిక్కి గట్టిగా ఈడ్చిన పటుక్కున తెగును. మనదేశమున 1950ల చివరనుండియు 1960లలోను నైలాను వలలు వ్యాపించినవి. నైలాను చివుకదు, తేలికగా తెగదు. చేపకది మేలైన ఉచ్చు, మనిషికిని అంతే. వల మారినది గాని, వలను కాళ్ళకడ పడవేయు అలవాటు మారలేదు. పాత అలవాటు పాత వలకు తగినదే యని గ్రహింపవలెను. తాతలు తెలివితక్కువవారు కారు.

పుట్టికి ముందు వెనుకలు లేవు. వెదురు బుట్టను వెనుకటి కాలమున తోలుతో, ఇప్పుడు ప్లాస్టికు గుడ్డతోను తారుతోను కప్పి చేసిన గుండ్రని సాధనమది. ఏ ప్రక్కకు బరువు జరిగిన ఆ ప్రక్కకు ఒరుగును. కావున తెడ్డు వేయువారు ఒక అంచున నుండిన, వల వారికి ఎదుటి అంచువైపు నుండవలెను. ఒకరి బరువునకు ఒకటి తూకము. వల వేయువాడు నడుమ, మోకాళ్ళమీద. పోవునప్పుడు నిలుచుండరాదు. లంగరు రాయి నడుమ అడుగున, గోనెసంచిలో. లేనిచో అది దొర్లి అడుగు గుడ్డను చింపును.

వలను తీయునప్పుడే బెండ్లు ఒక ప్రక్కకు, గుండ్లు ఒక ప్రక్కకు వచ్చునట్లు మడతలుగా పేర్చినచో మరల వేయునప్పుడు చిక్కుపడదు. ఇది మీకు నేను చెప్పనక్కరలేదు. నేను చెప్పునది అటుపిమ్మటి సంగతి. పేర్చిన వలపై తడిగోనె కప్పి, దానిపై తాడును అడ్డముగా నొకటి, నిలువుగా నొకటి వేసి పుట్టి వెదురునకు కట్టవలెను. ఎట్టి ముడి? కొన లాగగానే వీడు ముడి, ఆడువారు లంగా బొందునకు వేయునట్టిది. బిగించి పీటముడి వేయువాడు సగము విద్య మాత్రమే నేర్చినవాడు. వల కదలకుండ కట్టుట యెంత ముఖ్యమో, ఆపద వచ్చినప్పుడు ఒక్క యూపున విడిపించుటయు నంత ముఖ్యము. తాడును నడుముకో మణికట్టునకో కట్టుకొనువారిని నేను చూచితిని. వారికి చేతులెత్తి మ్రొక్కి చెప్పుచున్నాను, ఆ పని చేయకుడు.

గాలములను మూతగల డబ్బాలో నుంచవలెను. వరుస గాలముల తాడైనచో బుట్ట అంచునకు గడ్డి మోపు చుట్టి, కొక్కెములన్నియు వరుసగా దానికి గుచ్చి, తాడును బుట్టలో చుట్టగా వేయవలెను. చేపల బుట్టకు మూతిగుడ్డ కట్టవలెను. పొర్లు జెల్ల ముల్లు గుచ్చుకొనిన మనిషి ఎగిరిపడును; మనిషి ఎగిరిపడిన పుట్టి ఊరకుండదు. నీరు తోడు డబ్బాకు దారము కట్టవలెను. అడుగున నిలిచిన నీటిని తోడనిదే బయలుదేరరాదు. రెండు బిందెల నీరు, అనగా 40 లీటర్లు, 40 కిలోల బరువు. పుట్టి ఒరిగిన ప్రక్కకే అది పరుగెత్తి, ఒరిగినదానిని మరింత ఒరగద్రోయును. కత్తి మా వదిన పెట్టిన చోటనే. లైఫ్ జాకెట్టు ఒంటిమీద నుండవలెను. వలక్రింద నుండిన అది యుండియు లేనట్టిదే. ఈ యొక్క మాటలో మా పెద్దనాయన నాతో ఏకీభవింపడు. "ఉక్కపోస్తది బిడ్డా, తెడ్డు ఆడదు" అనును. మా తగవు ఇంకను తీరలేదు.

మన జలాశయము మీదికి విశాఖ, తూర్పు గోదావరి తీరములనుండి వలసవచ్చు జాలరి కుటుంబముల నెరుగుదురు గదా. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను, 1967లో కాలువలకు నీరు విడిచిరి. ఆ పిమ్మట సముద్రపు జాలరులును ఈ నీటికి వచ్చిరి. పది బారల దూరము పోవలెనన్నను మంచినీళ్ళ కుండతో సహా సమస్తమును కట్టివేయుదురు. మనవారు వారిని చూచి "కట్టుటకే పొద్దు పోయె" అని పరిహసించెడివారు. వారి అలవాటునకు మూలము తెప్ప. తెప్పయనగా పక్కపక్కన చేర్చి కట్టిన దుంగలు. దానికి అంచు లేదు, గోడ లేదు. అల దానిమీదుగానే పోవును. కట్టనిది కడలిపాలు. మన చెరువులలో థర్మోకోలు తెప్పల మీద పోవువారికిని అదే న్యాయము వర్తించును. ఇంజను పడవలవారికి మరియొక చిక్కు గలదు. వ్రేలాడు తాడు పంకాకు చుట్టుకొనిన ఇంజను ఆగును. ఆగిన పడవ గాలికి అడ్డము తిరుగును.

హైదరాబాదునుండి వచ్చిన మిత్రులకు ఇదంతయు దూరపు మాటగా తోచవచ్చును. హుస్సేన్‌సాగరము 1562 నాటిది. దాని మిగులు నీరు పోవు నాలా మన అశోక్‌నగరు ప్రక్కనుండియే పోవును. ఆ సాగరములోనే 1990 మార్చి 10న బుద్ధ విగ్రహమును బల్లకట్టు మీద తీసికొని పోవుచుండగా, గట్టునుండి కొంత దూరము పోవునంతలో బల్లకట్టు ఒరిగి విగ్రహము నీట మునిగెను. మనుష్యులు ప్రాణములు కోల్పోయిరి. సుమారు 58 అడుగుల ఏకశిల, వందల టన్నుల బరువు. దానిని పైకి తీసి 1992 డిసెంబరు 1న బండమీద నిలిపిరి. ట్యాంకుబండు మీద సాయంకాలము నడచునప్పుడెల్ల ఆ విగ్రహమును చూచి మా అన్న పుట్టి నాకు జ్ఞప్తికి వచ్చును. పోవలసిన దూరము అచ్చటను కొంచెమే. రేవునుండి బయలుదేరునప్పుడు సర్దుకొననివాడు లేడు. నడుమ ఒకచోటినుండి మరియొకచోటికి పోవునప్పుడు సర్దుకొనువాడు అరుదు.

గ్రంథాలయ కార్యదర్శిగారికి ఒక మనవి. బీరువాలో ఒక గట్టి అట్ట నోటుపుస్తకము నుంచుడు. దానిని నేను తెచ్చితిని. ఇదిగో బల్లమీద నున్నది. పుట్టి యెక్కువారు చెప్పగా చదువు వచ్చిన పిల్లలు అందులో వ్రాయవలెను. ఎవరి వల యెక్కడ చిక్కినది, ఏ చోట మోళ్ళున్నవి, ఏ ముడి వీడినది, ఏ ముడి వీడలేదు. పేర్లు వ్రాయనక్కరలేదు. భాష సరిగా లేదని ఎవ్వరును దిద్దరాదు. మొదటి పుటలో మా వదిన మాటను మా వాడు ఈ ఉదయముననే వ్రాసెను.

సాయంకాలము నాలుగు గంటలకు రేవు దగ్గర రెండు పుట్టులను సిద్ధముగా నుంచిరి. ఒకదానిలో వలను మనము మామూలుగా పడవేయునట్లు పడవేయుదుము. రెండవదానిలో పెద్దనాయన సర్ది, ముడివేసి చూపును. పిల్లలు గట్టుమీదనే నిలువవలెను. ఎండ తగ్గినపిమ్మట బయలుదేరుదము.