పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉండాలి?

(సమాఖ్య కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాలలో ఏళ్ల తరబడి నివసిస్తున్న మన కార్మికుల పాస్‌పోర్టుల గురించి, వీసాల గురించి ఈ తరగతిలో చర్చించుకోవాలని నిర్ణయించుకున్నాము. రైల్వే, తపాలా ఉద్యోగుల వేదికపై ఈ విషయం ఎందుకన్న సందేహం కొందరికి కలగవచ్చు. ముందుగా దానికే సమాధానం చెప్పుకుందాము.

పాస్‌పోర్టు స్పీడు పోస్టులో వస్తుంది. దానిని బట్వాడా చేసేది మన పోస్టుమాన్. గుర్తింపు పత్రం చూచి దరఖాస్తుదారుని చేతికే ఇవ్వాలన్నది నిబంధన. 2017 జనవరిలో మైసూరు, దాహోద్ పట్టణాల తపాలా కార్యాలయాలలో ప్రారంభమైన పాస్‌పోర్టు సేవా కేంద్రాలు నేడు దేశమంతటా 400కు పైగా ఉన్నవి. ఇక రైల్వే సోదరుల సంగతి. నిజామాబాదు మీదుగా బొంబాయి వెళ్లే బండ్లలోను, రాజంపేట, కడపల మీదుగా సాగే మద్రాసు–బొంబాయి మార్గంలోను గల్ఫ్ ప్రయాణికులను దశాబ్దాలుగా చేరవేసినది మనమే. ఇంత జాగ్రత్తగా మనం చేతికి అందించిన ఆ చిన్న పుస్తకం, విమానం దిగిన తరువాత ఎవరి బీరువాలోకి పోతున్నది? ఈ ప్రశ్నయే నేటి మన చర్చకు మూలం.

మొదట చట్టం ఏమంటున్నదో చూద్దాము. విదేశాలకు పోయే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు దరిమిలా అదే సంవత్సరం పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ చట్టం 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు ఎల్లవేళలా కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దానిని స్వాధీనం చేసుకోవాలంటే ప్రభుత్వం సైతం చట్టబద్ధమైన, న్యాయసమ్మతమైన పద్ధతిని అనుసరించి తీరాలని 1978లో మేనకా గాంధీ కేసు స్థిరపరచింది. సర్వాధికారాలు గల ప్రభుత్వానికే లేని స్వేచ్ఛ, ఒక కాంట్రాక్టరుకు ఎక్కడి నుండి వచ్చినట్లు?

అయితే విదేశంలో నివసించడానికి పాస్‌పోర్టు ఒక్కటే చాలదు. అక్కడి కార్మికుని జీవితం మూడు కాగితాలపై ఆధారపడి ఉంటుంది. పాస్‌పోర్టు అతని పౌరసత్వానికి నిదర్శనం. వీసా ఆ దేశంలో అడుగు పెట్టనిచ్చేది. మన గల్ఫ్ కార్మికులు అకామా అని పిలిచే నివాస పత్రం అక్కడ ఉండనిచ్చేది. మొదటిది కార్మికునిది. మిగిలిన రెండూ కఫీల్ పేరుతో, అనగా యజమాని పేరుతో ముడిపడి ఉన్నవి. సంవత్సరాలు గడిచినా, ఇరవై ఏళ్లు అక్కడే పనిచేసినా, ఆ ముడి తనంతట తాను వదలదు.

ఈ ముడి బలం ఎంతో మన అనుభవంతో పోల్చి చూద్దాము. 1974 మే 8న ప్రారంభమైన రైల్వే సమ్మె 20 రోజులు సాగింది. వేలాది కార్మికులు జైళ్ల పాలయ్యారు, ఉద్యోగాలు పోయాయి, కుటుంబాలను క్వార్టర్ల నుండి వెళ్లగొట్టారు. అంతటి నిర్బంధంలోను ఒక పని మాత్రం ప్రభుత్వం చేయలేకపోయింది: సమ్మె చేసిన కార్మికుని దేశం నుండి బయటికి పంపలేకపోయింది. గల్ఫ్ కార్మికుని యజమాని చేతిలో ఉన్నది సరిగ్గా ఆ ఆయుధమే. జీతం బకాయి అడిగినవాడు ఉద్యోగంతో పాటు నివసించే హక్కును కూడా కోల్పోతాడు. అందువల్లనే పాస్‌పోర్టు, వీసాల ప్రశ్న కేవలం ప్రయాణ వ్యవహారం కాదనీ, అది వేతనాల ప్రశ్న, సంఘటిత హక్కు ప్రశ్న అనీ మనం భావిస్తున్నాము.

సక్రమంగా వెళ్లిన మనిషి అక్రమ నివాసిగా ఎట్లా మారుతాడు? ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నవి. మొదటిది, అకామా గడువు పొడిగించవలసిన యజమాని పొడిగించకపోవడం. బాధ్యత అతనిది, పోలీసులకు పట్టుబడేది కార్మికుడు. రెండవది, కార్మికుడు పారిపోయాడని యజమాని ఫిర్యాదు చేయడం. సౌదీలో దీనిని హురూబ్ అంటారు. దెబ్బలు తిని, జీతం అందక బయటపడిన వానిపై కూడా ఈ ముద్ర పడవచ్చు. మూడవది, ఆజాద్ వీసా. పేరులో స్వేచ్ఛ ఉన్నది గాని చట్టంలో అటువంటి వీసా లేదు. పని చూపని ఒక కఫీల్ పేరుతో వీసా కొని, అతనికి డబ్బు కట్టుకుంటూ వేరొకచోట పనిచేయడమే ఇది. తనిఖీ జరిగిన రోజున ఆ కఫీల్ తనకేమీ తెలియదంటాడు. ఈ మూడు దారులలో ఏ దారిన జారినవాడికైనా మనవాళ్లలో ఖల్లివెల్లి అన్న ఒక్కటే పేరు.

అక్కడి చట్టాలు మారడం లేదా అంటే, మారుతున్నవి. ఖతార్‌లో 2015 నాటి చట్టమే కార్మికుని పాస్‌పోర్టును దగ్గర ఉంచుకున్న యజమానికి 25,000 రియాళ్ల వరకు జరిమానా నిర్ణయించింది. దేశం విడిచి పోవడానికి యజమాని అనుమతి కావాలన్న నిబంధనను అక్కడ 2018లో అత్యధికులకు, 2020 జనవరిలో ఇంటి పనివారికి కూడా తొలగించారు. సౌదీలో 2021 మార్చి నుండి కొన్ని షరతులపై యజమాని సమ్మతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించారు. కాని ఇంటి పనివారిని, ప్రైవేటు డ్రైవర్లను, పశువుల కాపరులను ఆ సంస్కరణ వెలుపల ఉంచారు. కువైట్ ఇందుకు వ్యతిరేక దిశలో నడచింది. 2025 జూలై 1 నుండి ప్రైవేటు రంగ ఉద్యోగులు దేశం దాటడానికి యజమాని ఆమోదించిన నిష్క్రమణ అనుమతి తప్పనిసరి చేసింది. ఒక దేశంలో తొలగిన సంకెల మరొక దేశంలో కొత్తగా పడుతున్నదని దీనిని బట్టి గ్రహించాలి.

ఇది కూలిపనివారికే పరిమితమైన సమస్య అని భావించరాదు. అమెరికాలో హెచ్–1బి వీసాపై పనిచేసే ఇంజనీరు ఉద్యోగం పోతే, 2017 జనవరిలో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం అతనికి లభించే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా మరొక యజమాని దొరకాలి, లేదా ఆ దేశంలో ఉండడానికి వేరొక చట్టబద్ధమైన దారి చూచుకోవాలి. జీతంలో తేడా ఉన్నది. ఆధారపడే తీరులో లేదు.

ఇక మన దేశంలోనే ఏర్పడే చిక్కులు. 1922 నాటి వలస చట్టం స్థానంలో 1983లో కొత్త వలస చట్టం వచ్చింది. పదవ తరగతి పూర్తిచేయనివారి పాస్‌పోర్టుపై ఇ.సి.ఆర్. ముద్ర పడుతుంది. వారు గల్ఫ్ దేశాల వంటి నిర్దిష్ట దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే వలసదారుల సంరక్షకుని అనుమతి పొందాలని ఆ చట్టం ప్రకారం ఏర్పాటు చేశారు. మనవారికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఆ మార్గాన వెళ్లినవారికి ఒప్పంద పత్రం ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. 2017లో సవరించిన మేరకు ఆ బీమా ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాద మరణానికి పరిహారం 10 లక్షలు. అయితే కొందరు ఏజెంట్లు ఈ అనుమతిని తప్పించడానికి విజిట్ వీసాపై విమానం ఎక్కిస్తున్నారు. అట్లా వెళ్లినవారి పేరు వలస రికార్డులలో ఉండదు, బీమా ఉండదు. కోనసీమ నుండి, కడప ప్రాంతం నుండి ఇంటి పనికి వెళ్లే మన సోదరీమణులు ఈ మోసానికి ఎక్కువగా గురవుతున్నారు.

దీర్ఘకాలం అక్కడ కాపురముండేవారు మరచిపోకూడని విషయం మరొకటి ఉన్నది. 2004 డిసెంబరు 3 తరువాత విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం దానంతట అదే రాదు. ఒక సంవత్సరం లోపల మన దౌత్య కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరమవుతుంది. తల్లిదండ్రుల అకామా గడువు ముగిసిన ఇంట్లో పుట్టిన బిడ్డ అటు ఆ దేశం లెక్కలలోను, ఇటు మన దేశం లెక్కలలోను కనిపించకుండా పోయే ప్రమాదం ఇక్కడే పొంచి ఉన్నది.

పాస్‌పోర్టు చేతిలో లేక చిక్కుకున్నవారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. మన రాయబార కార్యాలయం స్వదేశానికి తిరిగి రావడానికి మాత్రమే పనికివచ్చే అత్యవసర పత్రం ఇస్తుంది. దీనినే మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి నిరుపేదలకు టిక్కెట్టు ఖర్చు, వసతి లభించే అవకాశం ఉన్నది. 2015లో ప్రారంభమైన మదద్ ద్వారా కుటుంబ సభ్యులు ఇక్కడి నుండే ఫిర్యాదు చేయవచ్చు. కువైట్ 2018లోను, 2024లోను, ఎమిరేట్స్ 2018లోను, 2024లోను చేసినట్లు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తారు. యజమాని తప్పు వల్ల కాగితం గడువు ముగిసిన మనిషికి క్షమాభిక్ష! ఆ మాటలోనే అన్యాయం ఉన్నది. పైగా ఔట్‌పాస్‌పై తిరిగి వచ్చినవాడు రావలసిన జీతం బకాయిని అక్కడే వదలుకొని వస్తున్నాడు.

1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వలస కార్మికుల ఒడంబడిక 21వ అధికరణం, చట్టం అధికారమిచ్చిన ప్రభుత్వోద్యోగి తప్ప మరెవరూ ఇతరుల గుర్తింపు పత్రాలను స్వాధీనం చేసుకోరాదని శాసిస్తున్నది. ఇంటి పనివారి పత్రాలు వారి వద్దనే ఉండాలని 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక చెబుతున్నది. భారతదేశం ఈ రెండింటినీ ధ్రువీకరించాలన్నది మన కోరిక. అక్కడి ప్రభుత్వాలను నిలదీసే నైతిక బలం మనకు ఆ విధంగానే వస్తుంది.

ఇక మనం చేయగలిగినవి. తపాలా సోదరులారా, పాస్‌పోర్టు అందించే క్షణంలో రెండు మాటలు చెప్పండి: ఇది నీ చేతిలోనే ఉండాలి, దీని నకళ్లు, వీసా నకలు, ఒప్పందం నకలు ఇంట్లో ఒక జత ఉంచి వెళ్లు. వారి పాస్‌పోర్టు సేవా కేంద్రాల దగ్గర, రైల్వే స్టేషన్లలో మన శాఖలు తెలుగులో సూచనలు ప్రదర్శించాలి. ఏజెంటు పేరు ప్రభుత్వ ఇ–మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో చూచుకోవాలనీ, సేవా రుసుముకు 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే పరిమితి అనీ, రశీదు లేనిదే డబ్బు ఇవ్వరాదనీ, విజిట్ వీసాపై పనికి పోరాదనీ అందులో రాయాలి. అర్జీ రాయడం తెలియని కుటుంబాలకు మన యూనియన్ కార్యాలయం తలుపులు తెరచి ఉంచాలి.

మిత్రులారా, సంఘం పెట్టుకునే హక్కు లేని చోట పనిచేస్తున్నవారికి, సంఘం ఉన్న మనమే గొంతుక కావాలి. కార్మికుని పాస్‌పోర్టు కార్మికుని జేబులో ఉండాలన్నది చిన్న కోరికగా కనిపించవచ్చు. కాని అది నెరవేరిన రోజున అతడు జీతం అడగగలడు, పని మారగలడు, తల్లి చనిపోయిందని తెలిస్తే ఇంటికి రాగలడు. ఈ మూడింటి కోసం మన శాఖలన్నీ ఈ ఏడాదే కార్యరంగంలోకి దిగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.