‘వాడికి ఆసక్తి లేదు’ అనే తీర్పు గురించి

(ఖిదిర్‌పూర్‌లో ఉపాధ్యాయుల పఠన బృందం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెలకోసారి బడి వదిలాక ఇలా కూర్చుని కలిసి చదువుకుంటున్నాం. మనలో కొందరం హిందీ మీడియంలో, కొందరం బెంగాలీలో, ఇంకొందరం ఇంగ్లీషులో పాఠాలు చెబుతున్నాం. ఇంట్లో మాత్రం అందరిదీ తెలుగే. గార్డెన్ రీచ్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, ఇక్కడ 1892లో తెరిచిన డాకులు. ఈ రెంటి చుట్టూ దొరికిన పనుల కోసమే మనలో చాలామంది పెద్దలు ఈ ఊరు చేరారు. మన తరగతుల్లో కూర్చునే పిల్లలవీ అలాంటి ఇళ్లే.

ఈసారి చర్చకు మూడు మాటలు పెట్టుకున్నాం: నేర్చుకోవడం, స్వభావం, ప్రేరణ. బీఈడీ పుస్తకాల్లో ఇవి మూడు వేర్వేరు అధ్యాయాలు. స్టాఫ్‌రూమ్‌కి వచ్చేసరికి మూడూ ఒక్క వాక్యంలో కలిసిపోతాయి. “వాడికి చదువు మీద ఆసక్తి లేదండీ, వాళ్ల స్వభావమే అంత.” ఈ వాక్యం ‘వాడు’ అని మొదలై ‘వాళ్లు’ అని ముగుస్తుంది. ఒక పిల్లవాడి గురించి ఎత్తుకున్న మాట మధ్యలోనే ఒక కులం మీద తీర్పుగా మారిపోతుంది. ఈ మార్పు గురించే ఇవాళ మాట్లాడదలుచుకున్నాను.

ఈ వాక్యానికి మన హుగ్లీ ఒడ్డునే పాత చరిత్ర ఉంది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక, గయానాలో చెరకు తోటలున్న జాన్ గ్లాడ్‌స్టన్ తనకు కూలీలు కావాలని 1836లో కలకత్తాలోని గిలాండర్స్ అర్బత్‌నాట్ కంపెనీకి రాశాడు. కంపెనీ జవాబులో కొండప్రాంతాల ఆదివాసీల వర్ణన ఉంది. వాళ్లకు మతం లేదు, చదువు లేదు, తిండీ తాగుడూ నిద్రా తప్ప వేరే కోరికలు లేవు, వాళ్లను మనిషికన్నా కోతికి దగ్గరగా చెప్పుకుంటారు అని దాని సారాంశం. 1838లో విట్‌బీ, హెస్పరస్ అనే ఓడలు ఇక్కడి నుంచి మనుషులను గయానాకు తీసుకెళ్లాయి. గిర్మిట్ పద్ధతి 1917 దాకా సాగింది. మన సూరినామ్ ఘాట్ దగ్గర 2015లో నెలకొల్పిన ‘మాయీ బాప్’ స్మారకం ఆ మనుషులదే.

నాదొక ప్రశ్న. కోరికలే లేని మనుషులైతే, పని మానితే జైలు అని తోటల చట్టాల్లో ఎందుకు రాసుకోవలసి వచ్చింది? వాళ్లకు కోరికలు ఉన్నాయని, వెళ్లిపోవాలన్న కోరిక బలంగా ఉందని యజమానులకు తెలుసు. ‘స్వభావం’ అనేది వాళ్లు కనుక్కున్న నిజం కాదు, వాళ్లకు అవసరమైన మాట.

ఆ అవసరం తెల్లవాళ్లతోనే పోలేదు. బ్రిటిష్ పాలకులు లోధాలను నేరస్థ తెగల జాబితాలో చేర్చారు. స్వాతంత్ర్యం తర్వాత ఆ చట్టం రద్దయింది. అయినా మేదినీపూర్‌లో లోధా శబర్ సమాజం నుంచి డిగ్రీ పూర్తి చేసిన తొలి మహిళ చుని కోటాల్, ఎమ్మెస్సీ చదువుతుండగా తన పుట్టుకను పట్టుకుని ఒక అధ్యాపకుడు అవమానిస్తున్నాడని ఫిర్యాదు చేయవలసి వచ్చింది. 1992 ఆగస్టులో ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఆమెకు ప్రేరణ తక్కువైందని ఎవరైనా అనగలరా? ఆమె చదివిన సబ్జెక్టు మానవ శాస్త్రం అని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక బాబాసాహెబ్ దగ్గరకు వద్దాం. 1936 నాటి ‘కుల నిర్మూలన’ను మనం ఎక్కువగా రాజకీయ గ్రంథంగా చదువుతాం. ఉపాధ్యాయుల పుస్తకంగానూ చదవొచ్చని నా అభిప్రాయం. మనుషులను వాళ్ల గుణాన్ని బట్టి మూడు తరగతులుగా విడగొట్టిన ప్లేటోను అందులో అంబేడ్కర్ విమర్శిస్తారు. ఒక్కో మనిషిలోనే లెక్కలేనన్ని మొగ్గులు ఉంటాయి, వాటిని నాలుగు గూళ్లలో సర్దలేం అన్నది ఆయన వాదన. పని మీద విరక్తి గురించి కూడా రాశారు. సమాజం హీనంగా చూసే పనిని పుట్టుకతో అంటగడితే, చేసేవాడికి దాన్ని తప్పించుకోవాలనే అనిపిస్తుంది, మనసూ బుద్ధీ పెట్టలేని పనిలో నైపుణ్యం రాదు అంటారు. అంటే విరక్తికి కారణాన్ని మనిషి లోపల వెతకలేదు, ఏర్పాటులో వెతికారు. అదే రచనలో తన గురువు జాన్ డ్యూయీకి ఎంతో రుణపడి ఉన్నానని చెప్పుకున్నారు. విద్య మీద డ్యూయీ ఆలోచనలు తెలిసినవాళ్లకు ఈ సంబంధం అర్థమవుతుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద చిక్కుదారుల పజిల్స్ ఇచ్చారు. 321 మంది అగ్రకులాల వాళ్లు, 321 మంది దళితులు. ఎన్ని పూర్తి చేస్తే అన్ని డబ్బులు. కులం ఎత్తనప్పుడు రెండు గుంపులూ దాదాపు సమానంగా చేశాయి. అందరి ముందూ పేరూ కులమూ చదివినప్పుడు దళిత పిల్లల ఫలితం గణనీయంగా పడిపోయింది. బహుమతి ఎవరికన్నది లాటరీకి వదిలేసినప్పుడు మాత్రం ఆ తేడా మాయమైంది.

లాటరీకి కులం తెలియదు. అందుకే పిల్లలు దాన్ని నమ్మారు. మనుషుల చేతిలో తమ శ్రమకు తగిన ఫలం దక్కదని అనుకున్నప్పుడు శ్రమ తగ్గించారు. మనం ‘ఆసక్తి లేదు’ అని రిజిస్టర్లో రాసేది చాలాసార్లు పిల్లవాడు మన గురించి చేసిన అంచనా. మనం వాడిని చదవకముందే వాడు మనల్ని చదివేస్తాడు.

ఈ నగరం నుంచే మరో మనిషి. మనోరంజన్ బ్యాపారి నామశూద్ర శరణార్థి కుటుంబంలో పుట్టారు. బడికి వెళ్లలేదు, ఇరవై దాటాక జైల్లో అక్షరాలు నేర్చుకున్నారు. బయటికొచ్చి రిక్షా తొక్కుతూ దొరికిందల్లా చదివారు. ఒకరోజు రిక్షా ఎక్కిన టీచరమ్మను ‘జిజీవిష’ అంటే ఏమిటని అడిగారు. బతకాలనే కోరిక అని ఆమె చెప్పారు. ఆమె మహాశ్వేతా దేవి. రిక్షా జీవితం గురించి రాయమని అడిగి, తన పత్రిక ‘బర్తికా’లో అచ్చువేశారు. ఈ కథను ‘పట్టుదల ఉంటే ఎవరైనా’ అనే నీతిగా చెప్పడం నాకు ఇష్టం లేదు. పట్టుదల ఆయనకు ముందే ఉంది. తన ప్రశ్నను ప్రశ్నగా తీసుకునే మనుషులు దొరకడానికి మాత్రం సగం యవ్వనం పట్టింది. ఆ ఆలస్యానికి జవాబు చెప్పవలసింది బడి.

మరి మనం ఏం చేయాలి? మన డాకుకు లాక్‌గేట్లు ఎందుకున్నాయో ఏ పాఠంలోనూ లేదు. హుగ్లీలో ఆటుపోట్లకు నీటిమట్టం మారుతూ ఉంటుంది కాబట్టి, డాకు లోపల నీటిని గేట్లతో నిలిపి ఓడలను తేలేలా ఉంచుతారు. పోటు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. డాకులో పనిచేసే తండ్రి ఉన్న పిల్లకు ఇది ఇంట్లో మాటల్లోనే తెలిసి ఉంటుంది. మన ‘ప్రకృతి’ పాఠంలో మాత్రం కొండలూ జలపాతాలే ఉంటాయి. చంద్రుడి ఆకర్షణను ఈ గేటు దగ్గర మొదలుపెట్టి చెబితే, తరగతిలో ముందుగా చెయ్యెత్తే పిల్ల ఎవరో చూద్దాం.

రెండో పని మన కోసం. వచ్చే నెల దాకా ‘ఆసక్తి లేదు’ అనే మాటను ఎవరం రాయొద్దు. దాని బదులు జరిగింది రాద్దాం. ఏ రోజు, ఏ పాఠంలో, ఏ ప్రశ్నకు పిల్లవాడు మాట్లాడలేదు, అంతకుముందు మనం వాడితో ఏమన్నాం, వాడి పేరును ఎలా పలికాం, ఏ బెంచీలో కూర్చోబెట్టాం. ఆ నోటు పుస్తకాలు పిల్లల పేర్లు లేకుండా ఇక్కడికి తెచ్చి, పుస్తకం చదివినంత శ్రద్ధగా కలిసి చదువుదాం. ఒంటరిగా చదివితే మనల్ని మనం సులువుగా క్షమించుకుంటాం. పక్కన మరో ఉపాధ్యాయురాలు కూర్చుని ‘ఈ వాక్యంలో వాళ్లు అంటే ఎవరు?’ అని అడిగితే తప్పించుకోలేం. కలిసి చదవడం వల్ల నాకు కనబడే ప్రయోజనం అదే.

సెలవు. జై భీమ్.