అద్దానికి పట్టేది మన ఊపిరే
(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, కరువు భత్యం, వైద్య బిల్లుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు పది నిమిషాలిచ్చి, ఏదైనా పనికొచ్చే విషయం చెప్పమన్నారు. ధనుర్మాసం వస్తోంది. మనలో చాలామంది ముక్కోటి నాడు ఉత్తర ద్వార దర్శనానికి సొంత కారులోనో, అద్దె కారులోనో భద్రాచలం వెళతారు. ఖమ్మం నుంచి సుమారు 120 కిలోమీటర్ల దారి. పాల్వంచ దాటాక అడవి, వాగులు, తెల్లవారుజామున పొగమంచు. ఆ వేళలో కారు అద్దానికి లోపలి వైపు పట్టే తేమ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. చిన్న విషయమే కదా అనుకోవచ్చు. నాకు మాత్రం ఒకసారి అది ప్రాణం మీదికి తెచ్చింది.

1980ల చివర్లో, ఒక డిసెంబరు నెలలో చింతూరు వైపు క్యాంపు ముగించుకుని జీపులో భద్రాచలం తిరిగి వస్తున్నాం. చింతూరు అప్పుడు ఖమ్మం జిల్లాలోనే ఉండేది. 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. జీపులో మేం ఏడుగురం. దారిలో వాగు దాటేటప్పుడు తడిసిన దుప్పట్లు, పంచెలు వెనక కుప్పగా పడేశాం. చలికి తట్టుకోలేక పక్క పరదాలు దించి గట్టిగా కట్టించాను. "కాస్త తెరిచి ఉంచుదాం సార్, అద్దం కనబడటం లేదు" అని డ్రైవరు గారు రెండుసార్లు అన్నారు. "అందరికీ చలిగా ఉందయ్యా, పోనీ" అన్నాను. ఆయన ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని తుడుస్తూనే ఉన్నారు. తుడిచిన చోటే మళ్లీ తెల్లబడుతోంది. ఒక మలుపులో ఉన్నట్టుండి బ్రేకు పడింది. ఎదురుగా వెదురు బొంగుల బండి, దీపం లేదు. బొంగుల కొసలు మా అద్దానికి జానెడు దూరంలో ఉన్నాయి. బండి మనిషి కంబళి ముసుగులో కునుకు తీస్తున్నాడు.

ఎవరమూ మాట్లాడలేదు. డ్రైవరు గారు దిగి రెండు వైపులా పరదాలు పైకి చుట్టి కట్టారు. కొద్ది నిమిషాల్లోనే అద్దం దానంతటదే తేటపడింది. మేం వణుకుతూనే క్షేమంగా ఇల్లు చేరాం. తప్పు నాది. ఆ మాట ఆయనతో ఆయన పదవీ విరమణ సభ నాడు గానీ చెప్పలేకపోయాను. ఈ రోజు మీ ముందు చెబుతున్నాను.

అసలు ఆ తేమ ఎక్కడిది? బయటి మంచు లోపలికి రాలేదు. అది మన ఊపిరి, మన తడిబట్టలు. లెక్క చూడండి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 15 డిగ్రీలకు దిగితే 13 గ్రాములే. మామూలు కారులో సుమారు మూడు ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే చల్లబడ్డ కారులో మొత్తం 40 గ్రాములకు మించి ఆవిరి నిలవదు. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు సుమారు 40 గ్రాముల నీరు వదులుతాడు. ఐదుగురైతే గంటకు 200 గ్రాములు, అంటే గ్లాసెడు నీళ్లు. ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? కారులో అన్నిటికంటే చల్లగా ఉండేది అద్దం. అక్కడికే చేరతాయి.

కాబట్టి తుడవటం మందు కాదు. తుడిస్తే చుక్క చెదురుతుంది గానీ ఆవిరి పోదు. గాలిని ఆరబెట్టాలి. అందుకు చేయవలసినవి చెబుతాను, దయచేసి కారు నడిపే పిల్లలకు కూడా చెప్పండి.

మొదటిది, లోపలి గాలినే మళ్లీ తిప్పే మీట ఒకటుంటుంది. దాని మీద కారు బొమ్మలో వంపు తిరిగిన బాణం గుర్తు ఉంటుంది. చలికాలంలో దాన్ని ఆపి బయటి గాలిని రానివ్వాలి. బయట పొగమంచున్నా సరే, ఆ చల్లని గాలిలో ఉన్న ఆవిరి తక్కువే. లోపల వేడెక్కితే అది పొడి గాలి అవుతుంది.

రెండవది, ఏసీని, హీటరును కలిపి వేయాలి. చలిలో ఏసీ ఏమిటని మనవాళ్లు నవ్వుతారు. ఏసీ పని చల్లబరచటం ఒక్కటే కాదు. దానిలోని చల్లని గొట్టాల మీద గాలిలోని నీరు చుక్కలై కిందికి కారిపోతుంది. ఆ ఆరిన గాలిని హీటరు వెచ్చబెడుతుంది. దాన్ని ముందు అద్దం మీదికి తిప్పితే తొందరగా తేటపడుతుంది. ఇంజను వేడెక్కే దాకా హీటరు పని చేయదు. ఆ కాసేపు కిటికీలు రెండు వేళ్ల మందం దించండి. చలికి శాలువా కప్పుకోవచ్చు.

మూడవది, గోదావరి స్నానం చేసిన తడిబట్టలు పిండి, మూత గట్టిగా పడే సంచిలో పెట్టి డిక్కీలో వేయండి. సీటు మీద ఆరవేయకండి.

నాలుగవది, అద్దం లోపలి వైపు శుభ్రంగా ఉండాలి. జిడ్డు, పొగ పట్టిన అద్దానికి తేమ త్వరగా అంటుకుంటుంది. వెనుక అద్దం మీద సన్నని గీతలుంటే అవి వేడెక్కే తీగలు. గీతల వెంబడే మెల్లగా తుడవాలి.

వెనకటికి డ్రైవర్లు వాన చుక్కలు జారిపోవటానికి అద్దం మీద పొగాకు రుద్దేవారు. అది బయటి వానకు చిట్కా, లోపలి తేమకు కాదు.

ఎవరూ ఎక్కకపోయినా రోజూ తేమ పడుతుంటే నీరు ఎక్కడో దాగి ఉన్నట్టే. పట్టాల కింద చేయి పెట్టి చూడండి. చెట్టు కింద నిలిపే కార్లలో అద్దం అడుగున నీరు పోయే రంధ్రాలు ఆకులతో పూడిపోతాయి. ఏసీ నీటి గొట్టం మూసుకుపోయినా నీరు లోపలికే కారుతుంది. పట్టాలు తీసి ఎండలో వేయండి, కింద పాత దినపత్రికలు పరచి మార్చండి. అద్దం మీద జిడ్డు తెర కట్టి, లోపల తియ్యటి వాసన వస్తే హీటరులో కారుడు ఉందేమో మెకానిక్‌కు చూపించాలి.

మన జిల్లాలో మంచు గడ్డకట్టే చలి రాదు. విశాఖ మన్యంలోని లంబసింగిలో కొన్నేళ్లు సున్నా దగ్గరికి వెళుతుంది. అమెరికాలోని పిల్లల దగ్గరికి శీతాకాలంలో వెళ్లే మిత్రులు మాత్రం అద్దానికి లోపల కూడా మంచు పేరుకోవటం చూస్తారు. అదీ ఈ తేమే, గడ్డకట్టిన తేమ. దాని మీద వేడినీళ్లు పోయకూడదు, అద్దం పగలవచ్చు. హీటరుతో కరిగించి, ప్లాస్టిక్ పలకతో గీకాలి. బూట్ల మంచు దులిపి ఎక్కాలి.

చివరగా ఒక హెచ్చరిక. ముక్కోటి ముందు రోజు తెప్పోత్సవం చూసి, గది దొరక్క కారులోనే నిద్రపోయేవారుంటారు. చలి అని ఇంజను నడుపుతూ, అద్దాలు మూసి నిద్రపోకండి. పొగ గొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజను ఆపి, అద్దం కాస్త దించి, దుప్పటి కప్పుకోండి.

ముందు సీటులో కూర్చున్న పెద్దవాళ్లం చలికి ఓర్వలేక అద్దాలు మూయమంటాం. నడిపేవాడు కుర్రవాడైనా, అద్దె కారు డ్రైవరైనా "కనబడటం లేదండీ" అంటే ఆ మాట వినండి. తేట పడేదాకా బండి పక్కకు ఆపనివ్వండి. దర్శనం పావుగంట ఆలస్యమైతే రాముడు ఏమీ అనుకోడు.