సంతకోడి – శ్వాసరోగములు

పెరటిలో నాలుగు కోళ్లను పెంచుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న అలవాటు. వానికై ప్రత్యేకముగా వెచ్చించునది స్వల్పము. చెరిగిన నూకలు, గుప్పెడు తవుడు, వంటయింటి మిగులు, పెరటిలోని పురుగు పుట్రయే వాని ఆహారము. వచ్చు లాభమో, పిల్లలకు గ్రుడ్లు, ఇల్లాలి చేతిలో నాలుగు రూకలు. అట్టి యింటిలో పది కోళ్లు ఒక్క వారములో చచ్చిపోయినచో, అది చిన్న నష్టము కాదు. ఆ పది కోళ్లు పోవుటకు సంతనుండి తెచ్చిన ఒక్క క్రొత్త కోడి చాలును. ఆ సంగతినే నేడు మీకు మనవి చేయదలచితిమి.

సంతలో నిగనిగలాడు పెట్టను చూచి, బేరమాడి కొని తెచ్చి, ఆ సాయంకాలమే పాతకోళ్లతోపాటు గూటిలో విడుతుము. మూడు నాలుగు దినములు గడచునప్పటికి క్రొత్తపెట్ట తుమ్ముట మొదలిడును. ముక్కున చీమిడి కారును. రాత్రివేళ గూటిలోనుండి గురగుర శబ్దము వినవచ్చును. మరికొన్ని దినములకు పాతకోళ్లును అట్లే గురకపెట్టును. కొందరు దిష్టి తగిలినదందురు. కొందరు అమ్మినవాడు మోసగించెనందురు. తరచుగా ఈ రెండును నిజము కావు. అమ్మినవాని కంటికిని ఆ పెట్ట ఆరోగ్యముగానే కనిపించియుండును.

ఇట్లేల జరుగునో తెలిసికొందము. కొన్ని వ్యాధులనుండి కోలుకొన్న కోడి, పైకి బాగుగనే యున్నను, ఆ వ్యాధి క్రిములను తన గొంతులో, ముక్కులో చాలకాలము మోయుచుండును. ఇట్టి కోడిని కాళ్లు కట్టి, తలక్రిందులుగా వ్రేలాడదీసి, ఎండలో త్రిప్పి, నీరు లేకుండ దినమంతయు గంపలో క్రుక్కి, తుదకు ఎరుగని యింటిలో విడిచినప్పుడు దాని శక్తి ఉడిగిపోవును. పాతకోళ్లు దానిని పొడిచి తరుముటయు తోడగును. అంతవరకు అణగియున్న క్రిములు అప్పుడు విజృంభించును. అంతియే కాదు, నలుదిక్కులనుండి వచ్చిన కోళ్లు ఒకచోట చేరుటచే, ఒకదాని జబ్బు వేరొకదానికి సంతలోనే అంటుకొనవచ్చును.

కోడి దేహనిర్మాణమును గురించి ఒకమాట. మనకు రొమ్మునకును కడుపునకును నడుమ తెరవలె నుండు కండరము కోడికి పూర్తిగా లేదు. దాని ఊపిరితిత్తులు మనవానివలె ఉబ్బి ముడుచుకొనవు. వానికి తగిలి దేహమందంతటను వ్యాపించిన పలుచని గాలితిత్తులే కొలిమితిత్తులవలె గాలిని ఆడించును. ఆ గాలి కొన్ని ఎముకలలోనికిని పోవును. కనుక ముక్కులో ప్రవేశించిన క్రిమి కడుపుదాక పోవుటకు దారి తెరచియే యున్నది. మరియు కోడి అంగిలిలో ఒక చీలిక కలదు. ముక్కులోని చీమిడి దానిద్వారా నోటిలోనికి, నోటినుండి నీళ్లమూకుడులోనికి దిగును. ఒకే మూకుడులో పదికోళ్లు త్రాగునప్పుడు వ్యాధి ప్రాకుటకు వేరుదారి అక్కరలేదు.

గురకపెట్టు ప్రతికోడికిని ఒకే జబ్బనుకొనరాదు. ముఖ్యమైనవానిని విడివిడిగా చెప్పెదము.

మొదటిది దీర్ఘకాలిక శ్వాసవ్యాధి. మైకోప్లాస్మా అను సూక్ష్మజీవి దీనికి కారణము. తుమ్ములు, గురక, కంటిలో నురుగు, గ్రుడ్లు తగ్గుట దీని గుర్తులు. కోడి వెంటనే చావదు, కాని చిక్కిపోవును. ఈ క్రిమి తల్లినుండి గ్రుడ్డుద్వారా పిల్లకు సంక్రమించును. మందులవలన బాధ ఉపశమించునే గాని, క్రిమి పూర్తిగా వదలదు.

రెండవది కొరైజా. ఇది మిక్కిలి త్వరగా, ఒకటి మొదలు మూడు దినములలోపల బయటపడును. ముఖము ఒక ప్రక్క ఉబ్బును, కన్ను మూతపడును, ముక్కునుండి కారు చీమిడి దుర్గంధము కొట్టును. ఆ దుర్వాసనయే దీని ప్రధాన లక్షణము. వైద్యుడు సూచించిన మందులకు ఇది లొంగును. అయినను, కోలుకొన్న కోడి క్రిమివాహకముగా మిగులును.

మూడవది కొక్కెర తెగులు, అనగా రాణీఖేత్ వ్యాధి. కుమావూను కొండలలోని రాణీఖేత్ పేరుమీదుగా మనదేశమున దీనికి ఆ పేరు వచ్చినది. కోడి మెడ చాచి నోరు తెరచి ఊపిరి తీయును, ఆకుపచ్చని పలుచని రెట్ట వేయును. కొన్నిటికి మెడ మెలిపడును, కాళ్లు రెక్కలు పడిపోవును. టీకా వేయని మందలో ఒక్కటియు మిగులకపోవచ్చును. దీనికి మందు లేదు. టీకాయే రక్ష.

ఇవిగాక కోళ్ల మశూచి కలదు. తురాయిమీది పొక్కులు అందరు ఎరిగినవే. కాని అది గొంతులో పసుపుపచ్చని పొరగా ఏర్పడి ఊపిరాడనీయకుండుటయు కలదు. ఇది దోమలవలనకూడ వ్యాపించును. పచ్చని ఆకు తినక ఏ విటమిను చాలని కోళ్లకును కన్ను, ముక్కు కారును. మునగాకు, తోటకూర తరిగి వేయుచున్నచో ఆ లోపము రాదు. ఎండకు నోరు తెరచి ఒగర్చు కోడిని జబ్బుకోడి యనుకొనరాదు. కోడికి చెమట పట్టదు, ఒగర్చుటయే దానికి చల్లబడు మార్గము. నీడన చల్లని నీరు పెట్టినపిదప ఒగర్పు తగ్గినచో భయము లేదు. చల్లనివేళ గురక వినిపించిననే అనుమానింపవలెను.

ఇక చేయవలసినదేమి? క్రొత్తకోడిని నెలదినములు వేరుగా నుంచవలెను. ఇదియే మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట. ప్రహరీకి ఆవలి ప్రక్కనో, ఇంటికి రెండవ వైపుననో, పాతకోళ్లు ముక్కు తగిలింపలేనంత దూరమున గంప పెట్టుడు. దాని మూకుడు, మేతపళ్లెము వేరుగా నుండవలెను. ప్రతిదినము మొదట పాతకోళ్లకు మేతవేసి, పిమ్మట క్రొత్తదాని దగ్గరకు పోవలెను. తరువాత సబ్బుతో చేతులు, కాళ్లు కడుగుకొనవలెను. రాత్రి నిశ్శబ్దముగా నున్నప్పుడు గంపయొద్ద చెవియొగ్గి వినుడు. పగటివేళ వినబడని గురక అప్పుడు వినబడును. కొనునప్పుడుకూడ కన్నులు, ముక్కు, రెట్ట చూచి, వీలైనచో సంతలోగాక తెలిసిన యింటనుండియో, ప్రభుత్వ కోళ్లకేంద్రమునుండియో కొనుట మేలు.

గూటి సంగతియు గమనింపుడు. చలి తగులునని గోనెపట్టాలతో గూటిని మూసివేయుట హానికరము. తడిసిన రెట్టనుండి పుట్టు ఘాటువాయువు కోడి ముక్కులోని పొరను కాల్చి క్రిములకు దారితీయును. గూటిలో వంగినప్పుడు మీ కన్నులు మండినచో, అది కోడికి మరింత బాధయని తెలియుడు. పైభాగమున గాలి ఆడునట్లు సందు విడిచి, క్రింద పొడి వరిపొట్టు పరచి, తడిసినదానిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను.

టీకా విషయము. పిల్లలకు మొదటి వారమున లసోటా టీకా చుక్క కంటిలోనో ముక్కులోనో వేయుదురు. ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున రెక్కక్రింద సూదితో రెండవ టీకా వేయుదురు. టీకామందు మంచుగడ్డపై నుంచి తేవలెను. కలిపిన మందును రెండుగంటలలోపల వాడవలెను. వేడి తగిలిన మందు నీటితో సమానము. జబ్బుపడిన కోడికి టీకా వేయరాదు. నలుగురైదుగురు ఇల్లాండ్రు కలిసి ఒకే దినమున తమ కోళ్లన్నిటికి వేయించుకొన్నచో, సీసాలోని మందు వ్యర్థము కాదు. ఇక దుకాణమున దొరకిన మందునెల్ల నీటిలో కలిపి పోయుట తగదు. పశువైద్యుని అడిగియే వాడవలెను. మందు వాడినన్నాళ్లును, ఆయన చెప్పిన గడువు తీరువరకును, ఆ కోళ్ల గ్రుడ్లు తినరాదు.

చివరగా ఒక కఠినమైన మాట. కోడి గురకపెట్టగానే, చచ్చిన డబ్బు పోవునను భయముతో దానిని సంతకు తోలువారు కలరు. వారి కష్టము మేమెరుగుదుము. కాని ఆ కోడి మరియొక పేదయింటి గూటిలోనికే పోవును. నేడు మనమమ్మిన జబ్బు రేపు పొరుగూరినుండి మనకే తిరిగి రావచ్చును. కోళ్లు అకస్మాత్తుగా, గుంపుగా చచ్చుచున్నచో మరింత జాగ్రత్త అవసరము. పక్షుల ఇన్‌ఫ్లూయెంజా 2006లో మహారాష్ట్రలోని నవాపురమున మనదేశములో మొదటిసారి బయటపడినది. 2025లో గోదావరి జిల్లాలలోను కనబడినది. అది మనుష్యులకును సోకగలదు. అట్టి కోళ్లను వట్టిచేతులతో ముట్టరాదు, కోసి వండరాదు, కాలువలో పారవేయరాదు. పిల్లలను దూరముగా నుంచి, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. ఒక్కొక్కటిగా చచ్చిన కోళ్లనైనను లోతుగా పాతి, పైన సున్నము చల్లవలెను.

నెలదినములు ఒక గంపను వేరుగా పెట్టుటకు ఖర్చేమియు లేదు, కొంచెము ఓపిక కావలెను. వచ్చే సంతకు కోడిని కొనబోవువారు, ఇంటినుండి బయలుదేరుటకు ముందే ఆ గంప పెట్టుచోటును నిర్ణయించుకొందురుగాక.